నిప్పు ఇచ్చిన నలుపు

కొలిమి దగ్గర నిలబడి కమ్మరి పనిని ఓపికగా గమనించినవారికి ఒక వింత కనిపిస్తుంది. రాళ్ళు కొట్టే ఉలి మొన మొద్దుబారితే కమ్మరి దానిని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మొనను మాత్రం నీళ్ళలో ముంచి తీస్తాడు. వెంటనే మొనమీది మసిని రాతిముక్కతో రుద్ది తెల్లగా మెరిసేటట్లు చేస్తాడు. ఆ తరువాత అతడు చేసే పని చూస్తూ ఉండడమే. ఉలి వెనుకభాగంలో మిగిలిన వేడి నెమ్మదిగా మొనవైపు పాకుతుంది. వేడితోపాటు రంగులూ పాకుతాయి. ముందుగా ఎండుగడ్డి రంగు, దాని వెనుక గోధుమరంగు, ఆ వెనుక ఊదా, చివరకు నీలం. తనకు కావలసిన రంగు మొనను చేరగానే కమ్మరి ఉలిని మళ్ళీ నీళ్ళలో ముంచి దానిని అక్కడే ఆపేస్తాడు. అతని చేతిలో ఉష్ణమాపకం ఉండదు. గడ్డిరంగు అంటే సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు అనీ, నీలమంటే సుమారు 300 డిగ్రీలు అనీ పుస్తకాలు చెప్పే సంగతిని అతడు కంటితోనే చదువుకొంటాడు.

ఆ రంగులు ఎవరూ పూసినవి కావు. వేడెక్కిన ఉక్కు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తన ఒంటిమీద తానే అల్లుకొన్న పలుచని పొర ఆ రంగులను చూపుతుంది. టైటానియం అనే లోహం ఈ విద్యలో ఉక్కును మించినది. దానికి జిర్కోనియం అనే దగ్గరి చుట్టం ఉన్నది. వట్టి వేడితో ఈ లోహాలకు ముదురు రంగు ఇచ్చి, ఆ రంగు ఏళ్ళ తరబడి అరగకుండా నిలిచేటట్లు చేయవచ్చు. అయితే వేడిని ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ తెలివి మీద మనుషుల నడకలు, ఒక్కొక్కప్పుడు ఊళ్ళ క్షేమం కూడా ఆధారపడి ఉంటాయి.

రంగు పూయడానికీ రంగు పుట్టడానికీ ఉన్న తేడా బీదరు పనివాళ్ళకు వందల ఏళ్ళుగా తెలుసు. కర్ణాటకలోని బీదరులో చేసే బిద్రీ పాత్రలను చూడండి. వాటిని తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. పైన చెక్కిన గాడులలో వెండి తీగ, వెండి రేకు పొదుగుతారు. ఆ మీదట పాత్రను కొద్దిగా వేడిచేసి, కోటలోని మట్టి, నవాసాగరం కలిపిన ముద్దతో రుద్దుతారు. తుత్తునాగమంతా కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే మిగిలిపోతుంది. ఆ నలుపు పైనుంచి వేసిన పూతే అయితే వెండిమీద కూడా పడాలి కదా! పడలేదంటే అది ఆ లోహంలోనే పుట్టినదన్నమాట. టైటానియం నలుపు కూడా ఈ జాతిదే. కాకపోతే దానికి మట్టి అక్కరలేదు. గాలి, నిప్పు చాలు.

టైటానియం మనకు దూరపు వస్తువేమీ కాదు. ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపూరు తీరంలోను, తమిళనాడులో కన్యాకుమారి దగ్గరి మణవాళకురిచ్చి తీరంలోను, కేరళలోని చవర దగ్గర, శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లోను అలలు వెనక్కు వెళ్ళినప్పుడు ఇసుకమీద నల్లని చారలు మిగులుతాయి. ఆ నల్లని రేణువులలో ఎక్కువ భాగం ఇల్మనైటు. అది ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. అదే ఇసుకలో జిర్కాన్ అనే రేణువులు కూడా ఉంటాయి. జిర్కోనియం లోహం దానినుంచి వస్తుంది. రెండు చుట్టాలూ ఒకే ఇసుకలో పక్కపక్కన పడి ఉన్నాయన్నమాట. వీటి పేర్లతో ముడిపడిన మనిషి కూడా ఒకడే. జర్మనీకి చెందిన క్లాప్రోత్ 1789లో జిర్కాన్‌లో కొత్త మూలకం ఉన్నదని కనిపెట్టాడు. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ కనుగొన్న మరో మూలకానికి, గ్రీకు పురాణాలలోని టైటన్ల పేరుమీద టైటానియం అని 1795లో పేరు పెట్టినవాడూ ఆయనే.

కనుగొనడం వేరు, లోహాన్ని చేతికి తెచ్చుకోవడం వేరు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాలిస్తే ఇనుము వస్తుంది. టైటానియం అలా లొంగదు. ఆక్సిజన్‌ను విడిచిపెట్టదు, బలవంతంగా విడిపిస్తే బొగ్గునే పట్టుకొంటుంది. వేడిమీద ఉన్నప్పుడు నైట్రోజన్‌ను కూడా వదలదు. 1930లలో లక్సెంబర్గుకు చెందిన విలియం క్రోల్ ఒక దారి కనిపెట్టాడు. ఖనిజాన్ని ముందుగా క్లోరైడుగా మార్చి, గాలి తగలని పాత్రలో కరిగిన మెగ్నీషియంతో కలిపాడు. అప్పుడు టైటానియం బొరియలు బొరియలుగా స్పాంజివలె మిగిలింది. ఆ తరువాత జిర్కోనియాన్ని కూడా ఆయన ఇదే దారిలో సాధించాడు. మన దేశంలో ఈ పద్ధతిని హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల అభివృద్ధి చేసింది. దాని ఆధారంగా చవరలో 2011లో టైటానియం స్పాంజి కర్మాగారం మొదలైంది. స్పాంజిని కరిగించి కడ్డీలుగా, రేకులుగా మలిచే పనిని హైదరాబాదులోనే ఉన్న మిశ్రధాతు నిగమ్ చేస్తున్నది.

ఇంత కష్టపడి తెచ్చుకోవడం ఎందుకంటే దాని గుణాలు అటువంటివి. ఒక ఘనపు సెంటీమీటరు ఇనుము 7.9 గ్రాములుంటే, టైటానియం 4.5 గ్రాములే ఉంటుంది. బలంలో మాత్రం దాని మిశ్రమలోహాలు మంచి ఉక్కుతో పోటీ పడతాయి. 1668 డిగ్రీల దాకా కరగదు. సముద్రపు నీరు దానిని తినలేదు, శరీరంలోని ద్రవాలూ తినలేవు. ఈ చివరి గుణానికి కారణం అది ఆక్సిజన్‌ను అంతగా ప్రేమించడమే. కోసిన మరుక్షణమే దాని కొత్త ముఖం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని, కొద్ది నానోమీటర్ల మందాన ఆక్సైడు పొరను కప్పుకొంటుంది. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మనిషి వెంట్రుక మందం డెబ్బై ఎనభై వేల నానోమీటర్లు ఉంటుంది. అంత పలుచని పొరే ఆ లోహాన్ని కాపాడుతుంది. గీత పడితే క్షణంలో తిరిగి కప్పుకొంటుంది.

ఇనుము కూడా ఆక్సిజన్‌ను పట్టుకొంటుంది కదా, మరి అది తుప్పుపట్టి నాశనమవుతున్నదేమి అనే ప్రశ్న రావలసిందే. 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక లెక్క చూపారు. లోహం ఆక్సైడుగా మారినప్పుడు దాని పరిమాణం ఎన్ని రెట్లు అవుతుందో చూడమన్నారు. మెగ్నీషియం 0.8 రెట్లకు కుంచించుకుపోతుంది. పొట్టి దుప్పటిలా అది ఒళ్ళంతా కప్పలేదు. ఇనుము రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. చోటు చాలక ఆ పొర పొలుసులుగా లేచిపోతుంది. జిర్కోనియం సుమారు 1.56, టైటానియం సుమారు 1.7. ఇవి లోహాన్ని నిండుగా కప్పుతాయి. కాని టైటానియం లెక్క హద్దుకు దగ్గరగా ఉన్నదని గమనించాలి. పొర పలుచగా ఉన్నంతవరకు ఆ ఉబ్బును ఓర్చుకొంటుంది. మరీ మందమైతే అదీ లేచిపోతుంది. ఈ లెక్క ఒక్కటే అన్నిటినీ తేల్చదు కాని, దారి చూపడానికి మంచి గురుతు.

ఇక రంగుల సంగతి. టైటానియం ఆక్సైడు అసలు రంగు తెలుపు. గోడలకు వేసే తెల్లరంగులో, కాగితంలో, పళ్ళపొడి ముద్దలలో ఉండే తెలుపు అదే. ప్రపంచంలో తవ్వే టైటానియం ఖనిజంలో చాలా భాగం లోహంగా కాక ఈ తెల్లపొడిగానే ఖర్చవుతుంది. అయినా వేడిచేసిన టైటానియం బంగారు వన్నె, ఊదా, నీలం చూపుతుంది. తడిసిన రోడ్డు మీద నూనె చుక్క పడితే ఏడురంగులు ఎందుకు కనిపిస్తాయో ఇదీ అందుకే. పొర పైముఖం మీద కొంత కాంతి తిరిగివస్తుంది. మిగిలినది పొరలోకి దూరి, అడుగునున్న లోహాన్ని తాకి తిరిగివస్తుంది. రెండో కాంతి కాస్త ఎక్కువ దూరం నడిచింది. అందువల్ల రెండూ కలిసినప్పుడు, చెరువులో రెండు రాళ్ళు వేస్తే అలలు ఒకచోట ఎగసి మరొకచోట అణగినట్లు, కొన్ని రంగులు బలపడి కొన్ని రంగులు చెరిగిపోతాయి. దీనినే వ్యతికరణం అంటారు. ఏ రంగు మిగులుతుందో పొర మందం నిర్ణయిస్తుంది. మందం ఇరవై నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటే బంగారు వన్నె, యాభై దరిదాపుల్లో ముదురు నీలం. ఇంకా మందమైతే నీలం పాలిపోయి, మళ్ళీ పసుపు, గులాబి, ఆకుపచ్చ వరుసగా వస్తాయి.

ఆ మందాన్ని ఇచ్చేవి రెండు: ఎంత వేడి, ఎంతసేపు. కొద్ది నిమిషాల పనిలో 400 డిగ్రీల దగ్గర బంగారు వన్నె, 500 దరిదాపుల్లో ఊదా, నీలం కనిపిస్తాయి. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా అవే రంగులు తెప్పించవచ్చు. పని చేసేవారు ముందుగా వస్తువును జిడ్డు లేకుండా కడుగుతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పని చెడేది ఇక్కడే. ఒక్క వేలిముద్ర పడినా, ఆ జిడ్డు ఉన్నచోట పొర వేరే మందంలో పెరిగి, వేలి గీతలతో సహా ఆ ముద్ర రంగులో అచ్చుపడుతుంది. రెండో చిక్కు, టైటానియం వేడిని తొందరగా పంచుకోదు. అల్యూమినియంతో పోలిస్తే పదోవంతు మాత్రమే ప్రసరింపజేస్తుంది. అందువల్ల మంటతో కాలిస్తే మంట తగిలినచోట నీలం, పక్కన ఊదా, అంచున పసుపుగా పట్టీలు పడతాయి. నగలు చేసేవారికి అది అందమే. ఒకే రంగు కావాలంటే మాత్రం అన్ని వైపులా సమంగా వేడెక్కే విద్యుత్ కొలిమి తప్పనిసరి.

అయితే యాభై నానోమీటర్ల నీలం ఎన్నాళ్ళుంటుంది? ఎండకు వెలిసిపోదు, నీటికి కరగదు. కాని జేబులో తాళంచెవులతో కలిసి తిరిగితే గీతలు పడక తప్పదు. అందాన్ని మించిన ఓర్పు కావాలంటే పొర మందం పెరగాలి. 600 నుంచి 650 డిగ్రీల వేడిలో పదుల గంటలు ఉంచితే టైటానియం మీద రెండు మైక్రాన్ల దాకా ఆక్సైడు పెరుగుతుంది. అంటే నీలంపొరకు నలభై రెట్లు. పెరిగేకొద్దీ ఈ పని మందగిస్తుంది కూడా. కొత్త ఆక్సిజన్ అణువు లోపలి లోహాన్ని చేరాలంటే అప్పటికే ఉన్న పొరను దాటాలి. తాను కట్టిన గోడ తనకే అడ్డమవుతుంది. ఒక మైక్రానుకు పది గంటలు పడితే, రెండు మైక్రాన్లకు ఇరవై కాదు, సుమారు నలభై గంటలు పడుతుంది.

ఇంత మందంలో వ్యతికరణపు రంగులు ఒకదానిలో ఒకటి కలిసి మాసిపోతాయి. మిగిలేది ముదురు బూడిద రంగు. ఆక్సిజన్ కొరతగా ఉన్న పొర అయితే మరింత నల్లబడుతుంది. ఎందుకంటే టైటానియం ఆక్సైడు తెల్లగా ఉండాలంటే దానిలో ప్రతి టైటానియం అణువుకూ రెండు ఆక్సిజన్ అణువులు నిండుగా దొరకాలి. కొన్ని తగ్గితే ఆ వెలితి ఉన్నచోట కాంతి చిక్కుకుపోయి నీలినలుపు కనిపిస్తుంది. తెల్లని రూటైలు స్ఫటికాన్ని గాలిలేని కొలిమిలో కాల్చితే నల్లబడడం ప్రయోగశాలల్లో అందరూ చూసినదే. వస్తువు ముఖం ఎలా ఉన్నదనేది కూడా లెక్కకు వస్తుంది. అద్దంలా మెరుగుపెట్టిన ముఖం రంగులను చూపిస్తే, ఇసుక కొట్టి గరుకు చేసిన ముఖం కాంతిని తనలోనే తిప్పుకొని మరింత ముదురుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇది ఇంట్లో గాని, బడిలో గాని చేసి చూడవలసిన పని కాదు. దిమ్మగా ఉన్న టైటానియం మంటకు భయపడదు కాని, దానిని చిత్రిక పట్టినప్పుడు రాలే సన్నని తీగలు, పొడి అంటుకొంటే తెల్లని వెలుగుతో మండుతాయి. వాటిమీద నీళ్ళు పోయడం మరీ ప్రమాదం. అంత వేడిలో ఆ లోహం నీటిలోని ఆక్సిజన్‌ను కూడా లాక్కొని హైడ్రోజన్‌ను వదిలిపెడుతుంది; అదీ మండే వాయువే. అందుకే కర్మాగారాల్లో పొడి ఇసుకను సిద్ధంగా ఉంచుతారు.

రంగు ముదరడం పైకి కనిపించే మార్పు. కంటికి కనిపించని మార్పు లోపల జరుగుతుంది. 600 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ పైపొరతో ఆగిపోక, లోహంలోకి ఇరవై మైక్రాన్ల లోతుదాకా ఇంకిపోతుంది. పాలలో చక్కెర కరిగినట్లు కరిగిపోతుంది. ఆక్సిజన్ తాగిన ఆ టైటానియం కాఠిన్యం సుమారు మూడు రెట్లవుతుంది. మామూలు టైటానియానికి ఉన్న పెద్ద లోపం ఇందుకు సరిగ్గా ఎదురుది. దేనితోనైనా ఒరుసుకొంటే అది తేలికగా అరుగుతుంది, అతుక్కుపోతుంది కూడా. ఈ లోపం మనుషులను బాధపెట్టిన ఉదాహరణ ఉన్నది. అరిగిపోయిన తుంటికీలును తీసివేసి కృత్రిమ కీలును అమర్చే శస్త్రచికిత్సలో, తొడ ఎముక తలకు బదులుగా పెట్టే బంతిని 1970, 1980లలో కొన్ని రకాలలో టైటానియం మిశ్రమలోహంతో చేశారు. ఆరు పాళ్ళు అల్యూమినియం, నాలుగు పాళ్ళు వెనేడియం కలిసిన ఆ లోహం ఎముకతో బాగా కలిసిపోయింది. కాని బంతి గిన్నెలో లక్షల సార్లు తిరిగి అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కండను నల్లగా మార్చింది. కీళ్ళు వదులై కొందరికి మళ్ళీ శస్త్రచికిత్స తప్పలేదు. ఆ తరువాత ఎముకలో దిగే కాడకు మాత్రం టైటానియాన్ని ఉంచి, ఒరుసుకొనే బంతిని కోబాల్టు మిశ్రమంతోనో, పింగాణీ జాతి పదార్థంతోనో చేయసాగారు.

అటువంటప్పుడు వేడితో గట్టిపరచిన టైటానియాన్నే ఎందుకు వాడకూడదు? గట్టిదనంతోపాటు పెళుసుదనం కూడా వస్తుంది కనుక. ఆక్సిజన్ తాగిన పొర వంగదు, పగులుతుంది. అక్కడ పుట్టిన పగులు లోపలికి దిగుతుంది. పదేపదే వంగే వస్తువుకు ఇది ప్రాణాంతకం. విమానాల పనిలో ఈ పెళుసుపొరను శత్రువుగానే చూస్తారు. టైటానియం భాగాలను వేడిచేసి మలిచిన తరువాత ఆమ్లాల తొట్టిలో ముంచి ఆ పొరను పూర్తిగా కరిగించి తీసివేస్తారు. ఒకరికి కావలసిన నలుపే మరొకరికి దోషం. అరగకుండా ఉండవలసిన భాగానికి వేడి మంచిదే. బరువుకు వంగుతూ లేస్తూ ఉండవలసిన భాగానికి మంచిది కాదు. వేడి 700, 800 డిగ్రీలకు చేరితే ఈ బేరమూ మిగలదు. పొర మందమై, ఉబ్బు ఓర్చుకోలేక, చల్లారేటప్పుడు పెచ్చులుగా ఊడిపోతుంది.

నిలిచే నలుపు విషయంలో టైటానియం కంటే దాని చుట్టమైన జిర్కోనియమే మెరుగని చెప్పాలి. రెండున్నర పాళ్ళు నియోబియం కలిపిన జిర్కోనియాన్ని గాలిలో 500 డిగ్రీలకు మించి కొన్ని గంటలు వేడిచేస్తే, దానిమీద అయిదు మైక్రాన్ల మందాన నిగనిగలాడే నల్లని పొర పెరుగుతుంది. అది పింగాణీ జాతి పదార్థం. కాని పింగాణీ గిన్నెలా చేయి జారితే పగిలే వస్తువు కాదు; లోపలంతా లోహమే. పైన పింగాణీ నునుపు, లోపల లోహపు చేవ. 1997లో ఇటువంటి నల్లని కీలును మోకాలి శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టారు. నికెలు పడని శరీరాలవారికి ఇది మరింత మేలు. అయితే దీనికీ ఒక హద్దు ఉన్నది. తుంటిలో అమర్చిన నల్లబంతి ఎప్పుడైనా గిన్నెనుంచి జారి, గిన్నె లోహపు అంచుకు గట్టిగా గీసుకొంటే పొర చిట్లుతుంది. గుడ్డు పెంకు కింద తెల్లసొన ఉన్నట్లు, ఆ పొర కింద ఉన్న జిర్కోనియం మెత్తనిది. ఆ తరువాత అరుగుదల ఆగదు. పొర గట్టిదనాన్ని పొగిడేవారు దాని కింద ఏమున్నదో కూడా చెప్పాలి.

మోకాలిలో వాడే ఈ రెండున్నర పాళ్ళ నియోబియం మిశ్రమమే మరోచోట ఇంతకన్న పెద్ద బరువు మోస్తున్నది. కర్ణాటకలో కైగా, తమిళనాడులో కల్పాక్కం, మహారాష్ట్రలో తారాపూరు పేర్లు విననివారుండరు. ఈ కేంద్రాలలోని భారజల అణు రియాక్టర్లలో యురేనియం ఇంధనం ఉండే పొడవైన గొట్టాలు ఈ లోహంతో చేసినవే. కైగాలోని ఒక్కొక్క రియాక్టరులో అటువంటి గొట్టాలు 306 ఉంటాయి. ఒక్కొక్కటి అయిదు మీటర్లకు పైగా పొడవు. సుమారు 300 డిగ్రీల వేడినీరు, విపరీతమైన ఒత్తిడితో, ఏళ్ళ తరబడి వాటిలో పారుతుంది. ఈ గొట్టాలను 1971లో హైదరాబాదులో స్థాపించిన అణు ఇంధన సంస్థలో తయారుచేస్తారు. చివరి పని నల్లబరచడమే. మూతలు బిగించిన పెద్ద పాత్రలో 400 డిగ్రీల నీటి ఆవిరి మధ్య గొట్టాలను ఒక రోజుకు పైగా ఉంచుతారు. ఆవిరిలోని ఆక్సిజన్‌ను లోహం పట్టుకొని సుమారు ఒక మైక్రాను మందాన నల్లపొర కప్పుకొంటుంది. బయటికి తీసినప్పుడు గొట్టం ఆమూలాగ్రం నిగనిగలాడుతూ నల్లగా ఉండాలి. ఎక్కడైనా తెల్లని మచ్చ గాని, గోధుమరంగు మచ్చ గాని కనిపిస్తే ఆ చోట లోహంలో ఏదో మలినం ఉన్నదనో, శుభ్రం సరిగా జరగలేదనో అర్థం. రంగు ఇక్కడ అలంకారం కాదు, పరీక్ష.

జిర్కోనియం ఆక్సైడు కూడా స్వతహాగా తెల్లనిదే. ఆక్సిజన్ కాస్త కొరవడి, లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉన్నంతకాలం నల్లగా ఉంటుంది. పొర మందమై సన్నని బీటలు వారితే ఆక్సిజన్ లోపలికి చొరబడి దానిని తెల్లబరుస్తుంది. తెల్లబడిన పొర కాపాడదు, పొడిగా రాలుతుంది. టైటానియం ఉంగరాలకు బదులు జిర్కోనియం ఉంగరాలు చేసి మంటతో నల్లబరిచేవారికి కూడా ఈ సంగతి తెలుసు. నలుపు వచ్చాక ఇంకా కాలిస్తే పని చెడినట్లే.

వేడి చేయి దాటిపోతే ఈ పని ఎంతదాకా పోతుందో 2011 మార్చిలో ప్రపంచం చూసింది. జపానులోని ఫుకుషిమా రియాక్టర్లు భూకంపం రాగానే ఆగిపోయాయి. కాని ఆ తరువాత వచ్చిన సునామీ నీళ్ళు చల్లబరిచే యంత్రాలకు విద్యుత్తు లేకుండా చేశాయి. లోపలి నీరు ఆవిరై తగ్గిపోయింది. ఇంధనాన్ని కప్పి ఉన్న జిర్కోనియం గొట్టాల వేడి వందల డిగ్రీలనుంచి పైకి పోయింది. 400 డిగ్రీల ఆవిరిలో రోజంతా పట్టే పని 1200 డిగ్రీలు దాటాక నిమిషాలలో జరుగుతుంది. పైగా ఆక్సిజన్‌ను పట్టుకొనేటప్పుడు లోహం తానే వేడిని విడుస్తుంది. ఆ వేడి పనిని మరింత తొందరపెడుతుంది. ఆవిరినుంచి విడిపడిన హైడ్రోజన్ భవనాల పైభాగాన చేరి గాలితో కలిసి పేలింది. మార్చి 12, 14, 15 తేదీలలో మూడు రియాక్టరు భవనాలు ఛిన్నాభిన్నమయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ళలోని లక్షమందికి పైగా జనం ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

ఆ తరువాత నుంచి శాస్త్రజ్ఞులు ఇంధన గొట్టాల విషయంలో కొత్త దారులు వెతుకుతున్నారు. జిర్కోనియం గొట్టం మీద కొద్ది మైక్రాన్ల మందాన క్రోమియం పూత వేస్తే, వేడి పెరిగినా ఆవిరి అంత త్వరగా లోహాన్ని చేరలేదు. ఇటువంటి గొట్టాలను కొన్ని దేశాల్లో పనిచేస్తున్న రియాక్టర్లలోనే ఉంచి పరీక్షిస్తున్నారు. తన పొరను తానే పెంచుకోగల లోహానికి ఇప్పుడు బయటినుంచి మరో లోహాన్ని పూస్తున్నారు.